దక్తూర్ గారు ఓడిన విధంబెట్టిదనిన

రిటైరయిన ప్రతివాడూ తాను గెలిచిన కథే చెబుతాడు. బస్సు డ్రైవరు బ్రేకులు ఫెయిలైనా బస్సు నిండా జనాన్ని కాపాడిన సంగతి చెబుతాడు. బ్యాంకు గుమాస్తా దొంగ సంతకం పట్టేసిన వైనం చెబుతాడు. నా సర్వీసు మొత్తం వెతికినా నేను గెలిచిందంటూ ఒక్కటీ దొరకలేదు. అందుకని ఇంకొకాయన ఓడిపోయిన కథ చెబుతాను. గల్ఫ్‌కి బయల్దేరుతున్న కుర్రాళ్ళు ముఖ్యంగా వినండి. మీకు పనికొచ్చేది ఇందులో ఏమీ లేదు గానీ, విమానం ఆలస్యమైతే కాలక్షేపం అవుతుంది.

కువైట్‌లో ఇరవై ఏళ్ళకి పైగా నేనొక లాయరు గారి దగ్గర డ్రైవరుని. డ్రైవరంటే కారొక్కటే నడుపుతాడనుకునేరు. పొద్దున ఆయన్ని లా కాలేజీలో దింపాలి, ఆయన పాఠం చెబుతుంటే నేను కోర్టుకి ఫైళ్ళు మోయాలి, మధ్యాహ్నం వాళ్ళింటికి కూరగాయలు తేవాలి, సాయంత్రం ఆఫీసులో మన తెలుగువాళ్ళో ఉత్తరాదివాళ్ళో, అరబ్బులకైతే ఇండియావాళ్ళందరం 'హిందీ'లమే, వస్తే వాళ్ళ గోడు అరబ్బీలోకి మార్చి చెప్పాలి. ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, దాని మీద మాత్రం డ్రైవరనే ఉంటుంది. మిగతావన్నీ మా కోనసీమవాళ్ళకి పుట్టుకతో వచ్చిన మర్యాద కింద జమ.

ఆయన్ని అందరూ 'దక్తూర్' అనేవారు. మందులిచ్చే డాక్టరు కాదు, చట్టం చదివి ఆ బిరుదు తెచ్చుకున్న డాక్టరు. ఊళ్ళో సగం మంది లాయర్లు ఆయన శిష్యులే. చట్టం తప్ప ఆయనకి వేరే దేవుడు లేడని నేను అనను, పాపం, ఐదుపూటలా నమాజు చేసేవారు. కానీ ఒకసారి సిగ్నలు దగ్గర నేను కాస్త తొందరపడితే ఆపిన పోలీసాయన, వెనక సీట్లో తన పాత గురువుని చూసి సలాం కొట్టి వదిలేశాడు. దక్తూర్ ఊరుకున్నారా? కారు దిగి వెళ్ళి, "నీకు నేను ఇదేనా నేర్పింది? చలానా ఎందుకు రాయలేదు?" అని పోట్లాడి మరీ రాయించుకొచ్చారు. ఆయన నిజాయితీకి నేను చేతులెత్తి దండం పెడతాను. లైసెన్సు మాత్రం నాది.

ఇలాంటి మనిషికి ఒకరోజు మజ్లిస్‌కి పోటీ చెయ్యాలని బుద్ధి పుట్టింది. మజ్లిస్ అంటే వాళ్ళ పార్లమెంటు. ఒక్కో నియోజకవర్గం నుంచి పదిమంది గెలుస్తారు, ఓటరుకి ఒక్కటే ఓటు. అన్నేళ్ళు చట్టాలు బోధించాను, ఇక వాటిని నేనే రాస్తే ఎంత బాగుంటుందని ఆయనకి అనిపించింది. అందులో తప్పేముంది? వంటవాడికి హోటలు పెట్టాలనిపించదా? ఆయనకి ఆ కుర్చీ మీద ఎంత మోజంటే, నామినేషను వేసిన వారంలోనే దర్జీ దగ్గరికి తీసుకెళ్ళమని, ప్రమాణ స్వీకారం రోజున వేసుకోవడానికి జరీ అంచు నల్లటి అంగీ ఒకటి కొలతలిచ్చి కుట్టించుకున్నారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్ళు ఊరికే అన్నారా?

ప్రచారం పగ్గాలు ఆయన బావమరిది పట్టుకున్నాడు. టైర్ల వ్యాపారం. చట్టం సంగతి ఆయనకి తెలీదు, జనం సంగతి బాగా తెలుసు. ఖాళీ స్థలంలో పెద్ద టెంటు వేయించాడు. ఏసీలు, తివాచీలు, బంగారు రంగు కుర్చీలు, చివర్లో భోజనాలు. మన దగ్గర ఎలక్షనంటే బిర్యానీ పొట్లం, అక్కడ గొర్రె గొర్రెంతా పళ్ళెంలో పడుకుని వస్తుంది. అంతకుమించి తేడా నాకేం కనబడలేదు.

తేడా అంతా మా దక్తూర్ లోనే ఉంది. మిగతా అభ్యర్థులు మైకు పట్టుకుంటే జనం ఈలలు వేస్తారు, కవిత్వం చదువుతారు. మా ఆయన మైకు పట్టుకుని, "కిందటిసారి నేను చెప్పిన మూడు అంశాలు ఎవరికి గుర్తున్నాయి?" అని అడిగారు. ముందు వరసలో కూర్చున్న గడ్డం పెద్దమనిషి ఒకాయన తన చెప్పుల వంక చూసుకున్నాడు. "ఎవరూ చదువుకుని రాలేదన్నమాట" అని దక్తూర్ నిట్టూర్చి, మళ్ళీ మొదటినుంచీ మొదలెట్టారు. వంటవాళ్ళు వెనక మూతలు తీస్తున్న చప్పుడు వినిపించినప్పుడల్లా జనంలో కాస్త కదలిక వచ్చేది.

మూడో మీటింగుకి సగం కుర్చీలు ఖాళీ. బావమరిది నన్ను పక్కకి లాగి, "ఫర్వానియాలో మీ గదిలో ఎంతమంది ఉంటారు?" అన్నాడు. చెప్పాను. ఆ సాయంత్రం మా గదివాళ్ళందరికీ అరబ్బులు వేసుకునే తెల్లటి పొడుగు దిష్దాషాలు తొడిగి, తలకి గుడ్డలు చుట్టి, ఫోటోలో వీపులు పడేలా వెనక వరసలో కూర్చోబెట్టాడు. ఓట్లు లేకపోయినా వీపులున్నాయి కదా. మావాళ్ళు మహానందంగా గొర్రెమాంసం కోసం ఎదురు చూస్తూ కూర్చున్నారు. దక్తూర్ మాస్టారు కదండీ, వెనక బెంచీవాళ్ళని వదుల్తారా? ఉపన్యాసం మధ్యలో నడుచుకుంటూ వచ్చి, కడప నుంచి వచ్చిన మా రూమ్మేటు ముందు ఆగి, "ఈ విషయంలో నీ అభిప్రాయం ఏమిటి, తమ్ముడూ?" అన్నారు. మావాడికి వచ్చిన అరబ్బీ మాటలు రెండే. లేచి నిలబడి, గుండె మీద చెయ్యి వేసుకుని, "యల్లా. ఖలాస్" అన్నాడు. పదండి, అయిపోయింది అని.

ఆ రాత్రి ఫోటోలన్నీ దక్తూర్ దగ్గరుండి చెరిపించారు. అది మోసం అని బావమరిదికి గంటసేపు క్లాసు. ఆ క్లాసులో నేనూ విద్యార్థినే.

ఇంకో గోల వాస్తా. వాస్తా అంటే మన సిఫారసే, కాస్త అత్తరు పూసుకుందంతే. కొడుకు ఉద్యోగానికీ, అల్లుడి బదిలీకీ, అత్తగారిని వైద్యానికి పైదేశం పంపడానికీ ఓటర్లు మజ్లిస్ మెంబర్ల దగ్గరికి వస్తారు. చేసిపెట్టినవాడికే ఓటు. మా ఆయన పోస్టర్ల మీదే వేయించుకున్నారు, "వాస్తా వద్దు, చట్టం చాలు" అని. ఒక పెద్దాయన కొడుకు ప్రమోషను కోసం అర్జీ తెస్తే దక్తూర్ కళ్ళజోడు పెట్టుకుని ఆసాంతం చదివి, ఎర్ర పెన్ను తీసి తప్పులన్నీ దిద్ది, "ఇది సరిచేసి ఫలానా కమిటీకి నువ్వే పంపుకో" అని చేతిలో పెట్టారు. ఆ పెద్దాయన ఆ ఎర్ర గీతల వంక చూసిన చూపు చూస్తే నాకు మా ఎలిమెంటరీ స్కూలు గుర్తొచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆవిడ వచ్చింది.

అన్నమయ్య జిల్లా మనిషి. సబా అల్ సలేంలో ఒక ఇంట్లో పనిమనిషి. మా కడప రూమ్మేటుకి దూరపు చుట్టం. ఊళ్ళో ఆవిడకి తొమ్మిదేళ్ళ కూతురు, ఆ పిల్లకి గుండెలో రంధ్రం. తిరుపతి ఆసుపత్రిలో ఆపరేషనుకి రోజు ఇచ్చారు. సెలవిమ్మని యజమానురాల్ని అడిగితే ఇవ్వనంది. మూడుసార్లు అడిగి, కాళ్ళు పట్టుకుని, చివరికి కట్టుబట్టలతో బయటపడి మా బిల్డింగులో తెలుగు ఆడవాళ్ళ గదికి చేరింది. ఇంకేముంది, ఆ ఇంటివాళ్ళు ఆవిడ పారిపోయిందని కేసు పెట్టారు. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే. ఆ కేసు ఉన్నన్నాళ్ళూ ఆవిడ విమానం ఎక్కడానికి లేదు. పట్టుబడితే ఎన్నాళ్ళు లోపల పెడతారో తెలీదు. దాన్ని వెనక్కి తీసుకోగలిగింది పెట్టినవాళ్ళే.

ఆవిణ్ణి నేనూ మా రూమ్మేటూ ఆఫీసుకి తీసుకెళ్ళాం. కుర్చీ చివర కూర్చుంది, చున్నీ కొంగు వేలికి చుట్టుకుంటూ.

"మామా మంచిదేన్నా" అంది నాతో. ఇంటి యజమానురాల్ని మన ఆడవాళ్ళు అక్కడ అలాగే పిలుస్తారు. "కొట్టల్యా తిట్టల్యా. పంపీమంటే మాత్రం ఒగటే మాట, నువ్వు పోతే పిల్లోళ్ళను ఎవురు సూచ్చారు అంటాది. మరి నా పిల్లను ఎవురు సూడాలన్నా? ఫోన్లో ఏడుచ్చాంది, అమ్మొస్తేనే లోపలికి పోతా, ల్యాకుంటే పోనంటాంది."

దక్తూర్ ముందు నన్నూ మా రూమ్మేటునీ తిట్టారు. పారిపోయినవాళ్ళని దాచడం ఏ సెక్షను కింద నేరమో చెప్పారు. తర్వాత ఆవిడ కేసు తీసుకున్నారు, ఫీజు మాట ఎత్తలేదు. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం చట్టవిరుద్ధం, కేసు మనదే, తప్పకుండా గెలుస్తామని నాతో చెప్పించారు. నేను తెలుగులో చెప్పాను. ఆవిడ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

బావమరిది మర్నాడు పిడుగులాంటి వార్త మోసుకొచ్చాడు. ఆ ఇల్లెవరిదో కనుక్కున్నాడు. మా నియోజకవర్గంలో అతిపెద్ద కుటుంబం ఒకటుంది. ఇంటిపేరు చెబితే వీధి వీధంతా వాళ్ళే. ఈసారి వాళ్ళలో ఎవరూ పోటీలో లేరు. పెద్దాయన ఎవరి పేరు చెబితే ఆ ఓట్లన్నీ అటే. ఆ పెద్దాయన రెండో కోడలే మన 'మామా'.

"కేసు పక్కన పెట్టు. పోలింగు అయ్యాక చూద్దాం. పారిపోతుందా కేసు?" అన్నాడు బావమరిది.

దక్తూర్ ఒప్పుకోరనుకున్నాను. నా లైసెన్సు మీద చలానా రాయించిన మనిషి కదా! చాలాసేపు కిటికీ వంక చూశారు. "వాయిదా అడగడం చట్టవిరుద్ధం కాదు" అన్నారు చివరికి. ఆహా, చట్టంలో ఎంత చోటుందో! ఆ రోజు నాకు ఆయన మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కారు డోరు కాస్త గట్టిగా వేశాను. డ్రైవరు నిరసన అంతకుమించి సాగదు.

ఇక బావమరిది మంతనాలు మొదలయ్యాయి. వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి మీకు. దివానియా అంటే మగవాళ్ళు సాయంత్రాలు కూర్చునే హాలు. గోడల వెంట పరుపులు, మధ్యలో కాఫీ. కాఫీ అంటే మన ఫిల్టరు కాఫీ కాదు, ఏలకులు వేసిన పసుప్పచ్చటి చేదు నీళ్ళు, గహ్వా అంటారు, చిన్న కప్పులో అడుగున పోస్తారు. ఏదైనా పెద్ద కోరికతో వచ్చిన అతిథి ఆ కప్పు తాగకుండా కింద పెడతాడు. పెడితే హాలంతా మాటలాపేస్తుంది. అప్పుడు ఇంటి పెద్ద, "నీ గహ్వా తాగు, నువ్వొచ్చిన పని అయినట్టే" అనాలి. అన్నాడా, ఇక కోరిక ఏదైనా తీర్చాల్సిందే. అందరి ముందూ ఇచ్చిన మాట. కాదంటే ఆ ఇంటి పరువు ఆ పూటతో సరి. అందుకే కప్పు కింద పెట్టేముందు మధ్యవర్తులు అన్నీ మాట్లాడేసుకుంటారు. మన పెళ్ళిచూపుల్లాగే, పైకి చూపులు, లోపల అన్నీ ఖాయం.

బావమరిది ఆ కుటుంబంతో ఖాయం చేసుకొచ్చాడు. దక్తూర్ వస్తారు, కప్పు కింద పెడతారు, పెద్దాయన తాగమంటాడు, దక్తూర్ ఓట్లు అడుగుతారు. ఖలాస్.

ఆ రోజు మధ్యాహ్నమే ఆవిడ మళ్ళీ ఆఫీసుకి వచ్చింది. తిరుపతి నుంచి కబురొచ్చింది. ఆపరేషను రోజు దగ్గరికొచ్చేసింది, అది దాటితే మళ్ళీ రోజు దొరకడానికి నెలలు పడుతుంది, అన్నాళ్ళు ఆగే పరిస్థితిలో పిల్ల లేదు అన్నారట. దక్తూర్ గొంతు సవరించుకుని, కోర్టులో ఎంత కాలం పట్టొచ్చో నిజాయితీగా చెప్పారు. నేను తెలుగు చేసి చెప్పాను. గెలుపు ఖాయమని కూడా చెప్పాను.

ఆవిడ నా వంక కాదు, నేరుగా ఆయన వంక చూసింది.

"అంతవరకు నా బిడ్డ ఉంటాదా సార్?"

నేను అరబ్బీ చెయ్యకముందే ఆయనకి అర్థమైనట్టుంది. కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇద్దర్నీ చూస్తూ మధ్యలో నిలబడలేక టీ తెస్తానని బయటికొచ్చేశాను.

సాయంత్రం దివానియాకి కారు నడిపాను. వెనక సీట్లో బావమరిది పాఠం అప్పజెప్పిస్తున్నాడు. "కప్పు కింద పెట్టు. ఆయన తాగమనేదాకా మాట్లాడకు. తాగమన్నాక ఒకే ఒక్క మాట. ఉపన్యాసం మొదలెట్టావంటే నేను కారు కింద పడతాను." దక్తూర్ బుద్ధిగా తలూపుతున్నారు. కొత్త నల్ల అంగీ వేసుకొచ్చారు కూడా, ప్రమాణ స్వీకారం దాకా ఆగలేక కాబోలు.

నేను ప్రచారం కార్డుల సంచీ పట్టుకుని హాలు గుమ్మం దగ్గర, చెప్పుల గుట్ట పక్కన నిలబడ్డాను. లోపల ఎంతమందో. గోడలన్నీ తెల్లటి బట్టలే, ఈసారి అన్నీ అసలువి. సలాములయ్యాయి, కుశలాలయ్యాయి, వాళ్ళ తాతలూ వీళ్ళ తాతలూ కలిసి ముత్యాలకి సముద్రంలోకి పోయిన ముచ్చట్లయ్యాయి. కాఫీ పోసే మనిషి వచ్చాడు. దక్తూర్ కప్పు అందుకున్నారు. తాగకుండా ముందు తివాచీ మీద పెట్టారు.

హాలు నిశ్శబ్దమైపోయింది. పెద్దాయన గడ్డం నిమురుకుని నవ్వాడు. అన్నీ తెలిసిన నవ్వు.

"దక్తూర్, నీ గహ్వా చల్లారుతోంది. తాగు. నువ్వు దేనికొచ్చావో అది అయినట్టే."

బావమరిది మొహం వెలిగిపోయింది. దక్తూర్ కప్పు ముట్టుకోలేదు. ఒక్క క్షణం తల దించుకున్నారు.

"మీ రెండో అబ్బాయి ఇంట్లో పనిచేసిన హిందీ మనిషి ఒకామె ఉంది" అన్నారు. "ఆమె పాస్‌పోర్టు కావాలి. ఆమె మీద పెట్టిన కేసు రేపు పొద్దున్నే వెనక్కి తీసుకోవాలి. ఊళ్ళో ఆమె కూతురికి ఆపరేషను."

బావమరిదికి పొలమారింది. ఇంకా కాఫీ తాగనేలేదు, ఎలా పొలమారిందో ఆయనకే తెలియాలి. పెద్దాయన నవ్వు నవ్వినచోటే ఆగిపోయింది. గోడ వారగా కూర్చున్న ఆయన రెండో కొడుకు ఎర్రబడ్డాడు. నా చేతిలో సంచీ ఎప్పుడు జారిందో, కార్డులన్నీ చెప్పుల మీద పడ్డాయి. అభ్యర్థి గారి ఫోటో నవ్వుతూ జోళ్ళలోంచి చూస్తోంది.

"ఇంకేం కావాలి?" అన్నాడు పెద్దాయన.

"ఇంకేం లేదు."

పెద్దాయన కొడుకు వైపు తిరక్కుండానే, "వెళ్ళి తీసుకురా" అన్నాడు. కొడుకు లేచి వెళ్ళాడు. "తాగు దక్తూర్" అన్నాడు మళ్ళీ. దక్తూర్ తాగారు. "నువ్వు అడిగింది చాలా చిన్నది. అడిగిన చోటు పెద్దది. నలుగురిలో మా ఇంటి సంగతి ఎత్తావు. నా మాట నేను నిలబెట్టుకుంటాను. నీతో నాకు ఇక పనిలేదు."

పాస్‌పోర్టు నా చేతికి ఇచ్చారు. తిరుగుదారిలో బావమరిది అరబ్బీలో తిట్లన్నీ వాడేసి, చాలక ఇంగ్లీషులోకి దిగాడు. "ఒక్క కోరిక! మనిషికి ఒక్కటే కోరిక! దాన్ని తీసుకెళ్ళి పనిమనిషికి పెట్టావా? ఆ కుటుంబం మొత్తం పోయింది! పెళ్ళికెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళేవాడున్నాడా ఎక్కడైనా?" ఆ చివరిది నా అనువాదం. ఆయన వేరే జంతువేదో అన్నాడు.

దక్తూర్ చాలాసేపటికి, "నేను ఓట్లే అడుగుదామనుకున్నాను" అన్నారు నీరసంగా. "నిజంగా అదే అనుకున్నాను. నోరు తెరిస్తే ఇది వచ్చింది." అద్దంలో చూశాను. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. ఆ కుర్చీ ఆయనకి ఎంత ఇష్టమో నాకు తెలుసు. మధ్యాహ్నం వచ్చిన కోపమంతా ఎక్కడికి పోయిందో, ఆ మనిషి మీద నాకు ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది. డోరు మెల్లగా తీశాను.

వాళ్ళు మాట తప్పలేదు. మర్నాడే కేసు వెనక్కి తీసుకున్నారు. మిగతా కాగితాలు పూర్తి చేసి, ఆవిణ్ణి విమానాశ్రయానికి తీసుకెళ్ళింది నేనే. లోపలికి పోతూ వెనక్కి తిరిగి, "సారుకు చెప్పన్నా" అంది. ఏం చెప్పాలో ఆవిడకే తెలీలేదు, ఏడుస్తూ వెళ్ళిపోయింది.

ఊళ్ళో మాత్రం కథ నాలుగు కాళ్ళతో పరిగెత్తింది. వాస్తా వద్దన్న మనిషి వాస్తా చేశాడట! అదీ ఎవరికి? వంటింటి మనిషికి! మిగతా టెంట్లలో అదే పాట. "మన పిల్లలకేమో చట్టం, హిందీ మనిషికేమో సిఫారసు." నిజం చెప్పొద్దూ, వాళ్ళ మాటలో న్యాయం లేకపోలేదు.

ఆఖరి మీటింగుకి మా టెంటు కిటకిటలాడింది. గొర్రెల కోసం కాదు, తమాషా చూడ్డానికి. ఎర్ర పెన్ను పెద్దాయన లేచి నిలబడ్డాడు. దిద్దిన అర్జీ చేత్తో పైకెత్తి, "దక్తూర్, నా కొడుక్కి చెయ్యనిది ఆవిడకెలా చేశావు? అది వాస్తా కాదా?" అన్నాడు.

మన రాజకీయ నాయకుడైతే ఏమనేవాడో మీకు తెలుసు. మానవత్వం అనేవాడు, కళ్ళు తుడుచుకునేవాడు, టెంటు చప్పట్లతో మోగిపోయేది. బావమరిది ఆ ఉపన్యాసం రాసి జేబులో పెట్టాడు కూడా. దక్తూర్ జేబులో చెయ్యి పెట్టలేదు.

"వాస్తానే" అన్నారు. "నేను చేసింది తప్పే."

"మళ్ళీ అలాంటి పనిబడితే?"

కాస్త ఆలోచించారు. పరీక్షలో కష్టమైన ప్రశ్న వచ్చినప్పుడు ఆలోచించినట్టు, నిజంగానే ఆలోచించారు. "మళ్ళీ చేస్తాను. అప్పుడూ అది తప్పే అవుతుంది."

బావమరిది రెండు చేతులతో తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. జనం కాసేపు ఒకరి మొహాలొకరు చూసుకుని భోజనాలకి లేచారు. ఆ పూట మాంసం బాగా ఉడికిందని మాత్రం అందరూ మెచ్చుకున్నారు.

పోలింగయింది. గెలిచిన పదిమందిలో మా ఆయన లేరు. కాస్త కిందనే ఆగిపోయారు. ఆ కుటుంబం ఓట్లు పడుంటే లోపలుండేవారని లెక్కలు తెలిసినవాళ్ళంతా తేల్చేశారు. ఆ ఓట్లు ఎవరికి పడ్డాయో ఆయన గెలిచాడు. పొద్దస్తమానం వాస్తాలు చేసిపెట్టే మహానుభావుడే. ఏం లాభం? ఏడాది తిరక్కుండానే ఆ సభ కాస్తా రద్దయిపోయింది. కుర్చీ ఇంకా సరిగ్గా వేడెక్కనైనా లేదు. ఆ వార్త వచ్చిన రోజున నేను మా గదిలో అందరికీ పాయసం వండి పెట్టాను. ఎందుకురా అంటే, ఊరికేలే తినండి అన్నాను.

ఫలితాలు వచ్చిన పొద్దున దక్తూర్‌ని కాలేజీకి తీసుకెళుతున్నాను. ఆ రోజుకి సెలవు పెట్టమని ఇంట్లో అందరూ చెప్పినా వినలేదు, క్లాసు ఉందన్నారు. వెనక సీట్లో కూర్చుని నోట్సు తిరగేస్తున్నారు, ఒక్క పేజీ కూడా ముందుకి కదల్లేదు. దారిలో పోస్టర్లు పీకుతున్నారు. ఒకచోట కుర్రాడు నిచ్చెనెక్కి మా ఆయన పోస్టరు చింపుతుంటే, సగం నోరు ఊడి, మిగతా సగం నవ్వుతూ ఉంది. నేను కారు కాస్త వేగంగా పోనిచ్చాను.

అప్పుడే ఫోను మోగింది. తిరుపతి నుంచి ఆవిడ. స్పీకరు పెట్టాను.

"అన్నా! పిల్లను బయటికి తెచ్చినారన్నా! కండ్లు తెరిచింది. అమ్మా అనింది. నీళ్ళడిగింది. డాకట్రు ఇంగేం భయం ల్యాదన్న్యాడు!" ఏడుస్తోందో నవ్వుతోందో తెలీదు. నాకూ రోడ్డు మసకేసింది.

వెనక్కి చెప్పాను. దక్తూర్ నోట్సు మూసేశారు. ఫోను వైపు వంగి, పనిమనుషులకి అర్థమయ్యే వంటింటి అరబ్బీలో, "పిల్ల బాగుందా?" అన్నారు. "జైన్ బాబా, జైన్, జైన్!" అంది ఆవిడ. బాగుందని అన్నిసార్లు చెప్పింది. తర్వాత నాతో, గొంతు తగ్గించి, "అన్నా, సారు ఎలచ్చన్లో గెలిచినాడా?" అంది.

ఏమడుగుతోందన్నారు ఆయన. చెప్పాను.

"ఓడిపోయానని చెప్పు" అన్నారు. "ఎందుకో మాత్రం అడిగితే నీకు తెలీదను."

"ఓడిపోయారమ్మా" అన్నాను.

"అయ్యో, అదేందన్నా!" నిజంగా బాధపడింది. "అట్టాంటి మనిషికి ఓటెయ్యకుండా ఇంగెవురికి ఏసినారన్నా వాళ్ళు? కండ్లు ల్యావా?" కాస్త ఆగింది. వెనక ఆసుపత్రి గోల వినిపిస్తోంది. "అన్నా, ఈ తూరి నిలబడితే నాకు ముందే చెప్పు. పిల్లకు నయమయినాక నేను మళ్ళా కువైట్‌కు వచ్చా. వచ్చి నా ఓటు సారుకే ఏచ్చా. నా బిడ్డ మీద ఒట్టు."

ఫోను పెట్టేసింది. ఏమందని దక్తూర్ అడిగారు. ఆ మాట ఉన్నదున్నట్టు అరబ్బీలో చెప్పాను, బిడ్డ మీద ఒట్టుతో సహా.

ఆయన మళ్ళీ నోట్సు తెరిచారు. ఎవరు చట్టం తప్పుగా చెప్పినా వెంటనే దిద్దకుండా ఉండలేని మనిషి కదా, ఇక మొదలెడతారు, ఆ దేశంలో ఓటు ఎవరికి ఉంటుంది, ఎవరికి ఉండదు, ఏ సెక్షను, అవన్నీ ఆవిడకి ఫోను చేసి వివరంగా చెప్పమంటారని ఎదురు చూశాను.

కాలేజీ గేటు కనబడుతుండగా, "ఆమెకి ఇక్కడ ఓటు లేదని చెప్పావా?" అన్నారు.

"లేదండీ" అన్నాను.

"చెప్పకు" అన్నారు.

కారు గేటు లోపలికి తిప్పాను.